రానీడలో ఒక జాగా

పోయిన వారం నంద్యాలలో శ్రీనివాస సెంటర్ దాటగానే, ఒక బట్టల దుకాణం ముందు, మా ఈడు వాళ్ళం కలలో అడగడానికైనా మొహమాటపడేటంత మంచి జాగా ఒకటి ఖాళీగా కనిపించింది. పక్కన మోటారుసైకిలు లేదు, వెనక మురుగుకాలువ లేదు, పైన వేపచెట్టు నీడ, ముందూ వెనకా నిమ్మళంగా తిప్పుకునేంత చోటు. ఇంకొకరైతే దేవుడికి దండం పెట్టుకుని కారు దూర్చేసేవారు. నేను ఆగలేదు. ఎడమ వైపు సీటు కేసి ఒకసారి చూసి, ఇంకో చుట్టు తిరగడానికి పోయాను. అరవై దాటిన మనిషి ఎండలో చేయవలసిన పని కాదని నాకూ తెలుసు. చేతులు వినలేదు.

కారు మారినా ఆ సీటు మా బావది. అక్క మొగుడు. ఆళ్లగడ్డలో హైస్కూల్లో సైన్సు చెప్పి, రిటైరయ్యే ముందు ఒక పాత కారు కొన్నాడు. లైసెన్సు ఆయనకుంది, ధైర్యం నాకుంది, అందుకని ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు అయ్యేవాళ్ళం. నేను అప్పట్లో ఆళ్లగడ్డలోనే బ్యాంకులో పని చేసేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం బ్యాంకు మూయగానే అక్క పనుల మీద నంద్యాల పోయేవాళ్ళం, పంటి డాక్టరనీ, కుట్టుమిషను రిపేరనీ, క్రిస్మస్ బట్టలనీ. పని ఎప్పుడూ చిటికెలో అయిపోయేది. కారు నిలపడమే అయ్యేది కాదు.

మొదటి మాట పుట్టింది గాంధీచౌక్ దగ్గర. ఒకే బజారును చుట్టి చుట్టి, అదే అరటిపండ్ల బండిని మళ్ళీ మళ్ళీ పలకరించి వస్తుంటే, మనం చేస్తున్న ఇంత కష్టానికి తెలుగులో ఒక పేరు లేకపోవడం అవమానమని బావ బాధపడ్డాడు. నూనె గానుగ ఎద్దును తలుచుకుని 'గానుగించడం' అన్నాను. ఆయన ఒక వీధి దాటేదాకా ఆలోచించి ఖాయం చేశాడు. తర్వాతి మాటలు వాటంతట అవే వచ్చాయి. ఎవరో తన కారు దగ్గరికి వచ్చి తలుపు తీస్తాడు, మనం ఇండికేటరు వేసుకుని ఆశగా నిలబడతాం, ఆయన లోపలి సంచి తీసుకుని తలుపు వేసి తన దారిన పోతాడు. ఆ కాసేపటి సంతోషం పేరు 'తలుపాశ'. దూరం నుంచి ఖాళీగా కనిపించిన చోట, దగ్గరికి పోగానే రెండు కార్ల మధ్య నక్కి నవ్వే మోటారుసైకిలు 'బైకుదెయ్యం'. జాగా చిక్కకముందే కళ్ళతో తన పేరున రాయించేసుకుని, పక్క కారువాణ్ణి ఉరిమి చూడటం 'చూపుపట్టా'. ఇందులో బావ దిట్ట. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో పిల్లలను చూసిన చూపది.

అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. ఈ మాటల్లో ఒక్కటీ ఆమె నోట రాలేదు. మా ఇద్దరి కోసం ప్రార్థన కూటంలో వేడుకుంటానని బెదిరించేది. ఓపిక అయిపోయినప్పుడు మాత్రం, "నన్నీడ దింపి, మీరు రేపటి దాంకా తిరుక్కోండప్పా," అని తలుపు మీద చెయ్యి వేసేది.

ఆమె కోపానికి అసలు కారణం 'రానీడ'. ఇప్పుడున్న నీడ కాదు, మనం పని చూసుకుని తిరిగి వచ్చే వేళకు రాబోయే నీడ. చల్లటి నీడలో జాగా ఎదురుగా ఉన్నా బావ దాన్ని దాటించేవాడు. అది పోయే నీడ అనేవాడు. మిట్టమధ్యాహ్నం భగభగ మండే చోట కారు నిలిపించి, ఏ మేడ నీడ ఎటు ఒరుగుతుందో తల ఎత్తి చూసుకుని, తృప్తిగా దిగేవాడు. జనం మమ్మల్ని జాలిగా చూసేవాళ్ళు. తిరిగి వచ్చేసరికి కారు నీడలో ఉంటే బానెట్ మీద అరచెయ్యి పెట్టి మా ఇద్దరి ముఖాలూ చూసేవాడు. ఉండకపోతే మబ్బుల మీదా మునిసిపాలిటీ మీదా నెపం వేసేవాడు.

ఇంటి దగ్గర ఈ వేట లేదు. ఆళ్లగడ్డలో మా కారు కదిలిందంటే, ఎదురింటి కిరాణా శెట్టి ఒక బేతంచెర్ల బండముక్కను ఈడ్చుకొచ్చి ఆ జాగాలో పెట్టేవాడు. అన్ని వీధుల్లోనూ ఉన్న వాడుకే అది. జాగాలో బండ ఉందంటే ఆ జాగా మనిషి బయటికి పోయాడని, వస్తాడని. లారీవాడు కూడా దాన్ని జరపడు. ఎందుకు జరపకూడదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తర్వాత బావకు జబ్బు చేసింది. నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయిన రోజు, గేటుకు ఎదురుగా, నీడలో, కారు పొడవుకు కొలిచి విడిచినట్టు ఒక జాగా ఖాళీగా ఉంది. మా ఇన్నేళ్ళ వేటలో అలాంటిది చూడలేదు. నేను ఇండికేటరు వేశాను. బావ ఆ జాగాను చాలాసేపు చూశాడు. ఆయనకు అది నచ్చలేదు.

"ఇంత సుళువుగా దొరికిందంటే ఏందో ఉందప్పా. ఇంకో సుట్టు గానుగించు."

అక్క ఈసారి తలుపు మీద చెయ్యి వేయలేదు. ఒక చుట్టు తిరిగి వచ్చాను. జాగా అలాగే ఉంది, మా కోసమే ఎవరో బండ పెట్టి తీసినట్టు. ఈసారి ఆయన తల ఊపాడు. ఆ కారులో ఆయన ఇంటికి తిరిగి రాలేదు.

సమాధుల తోటలో రెండు చోట్లు చూపించారు. ఒకటి చింతచెట్టు పక్కనే, చల్లగా. ఇంకొకటి కాస్త దూరంగా, ఎండలో. నేను ఎండలోది అన్నాను. గొడుగులు పట్టుకుని చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డ సంఘం వాళ్ళు నన్ను ఎలా చూశారో చెప్పనక్కరలేదు. పాస్టరుగారు ప్రార్థన కొంచెం తగ్గించారనే అనుకుంటాను. అందరూ వెళ్ళాక అక్కా నేనూ ఉండిపోయాం. పొద్దు వాలింది. చింతచెట్టు నీడ మెల్లగా జరిగి వచ్చి ఆ పచ్చిమట్టి మీద పరుచుకుంది. నాకు తెలియకుండానే చెయ్యి మట్టి మీద పెట్టాను. అక్క చూసింది.

కొన్ని నెలలకు అక్క ఒక కోరిక కోరింది. ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. బావ పక్కన ఉన్న చోటు తనకు కావాలంది. తోట నిండిపోతోంది, పక్కకు ఎవరో వస్తారన్న దిగులుతో ఆమెకు అన్నం సయించడం లేదు. నేను సంఘపెద్దను కలిశాను. ఆయన మర్యాదగానే చెప్పాడు, ముందు పోయినవాళ్ళకు ముందు, బతికున్నవాళ్ళకు చోటు ఆపేది లేదని. నేను అక్కకు ఆ మాట చెబుతుంటే ఎదురుగా అరుగు మీద శెట్టి విన్నాడు. కారు అమ్మేసినా ఆయన బండ ఇంకా మా ఇంటి ముందే ఉండేది, అలవాటు కొద్దీ. మరునాడు దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని, చొక్కా నిండా తెల్లదుమ్ముతో, తోట గేటు ముందు నిలబడ్డాడు.

ముగ్గురం లోపలికి మోసుకుపోయాం. నేను చెట్టు వైపు దించబోయాను, అక్కడ నీడ ఉందని.

"ఆ పక్క గాదురా," అంది అక్క. "ఈ పక్క పెట్టు. రానీడ ఈడికే వస్తాది."

బండ కొంచెం గట్టిగానే దించాను. శెట్టి వేలు చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ వెనక సీటులో ఒక్క మాటా వృథా పోలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని తీయించడానికి వచ్చాడు. అక్క సంచి పట్టుకుని బండ పక్కన నిలబడింది. ఆ మనుషులు వంగారు. పెద్ద కాసేపు ఆ బండను చూశాడు. ఆయనా ఆళ్లగడ్డలో పుట్టి పెరిగినవాడే.

"ఉండనీండప్పా," అన్నాడు. "బండ పెట్టినారంటే ఎవురో వస్తారనే గదా."

ఇప్పుడు నేనుండే నంద్యాలలో పెద్ద దుకాణాలవాళ్ళు నేలకింద గళ్ళు గీసి నంబర్లు రాశారు. ఈల ఊదే కాపలావాడు చెయ్యి ఊపిన గడిలో నిలపాలి. అక్కడ వచ్చే నీడా లేదు, పోయే నీడా లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే దీపాల వెలుతురు. మా మాటలకు అక్కడ పని లేదు. బయట బజారులో ఒక్కణ్ణే తిరిగేటప్పుడు మాత్రం ఎవరైనా తలుపు తీస్తే నోటిదాకా వస్తాయి, ఎడమ వైపు చూసి మింగేస్తాను. వేపచెట్టు కింద మంచి జాగా ఊరికే దొరికితే, ఇంకో చుట్టు తిరుగుతాను.

అక్క ఆరోగ్యంగానే ఉంది. ఆదివారాలు నేను ఆళ్లగడ్డ పోయి ఆమెను తోటకు తీసుకుపోతాను. ఆమె ఆ బండ మీదే కూర్చుంటుంది, నీడ వచ్చేదాకా. నేను గోడ బయట ఎండలో కారు నిలుపుకుని ఉంటాను. తిరిగి వచ్చి అక్క ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చుంటుంది. తన బైబిలు సంచిని మాత్రం ముందు సీట్లో పెడుతుంది. నేను దాన్ని జరపను.