ఎవరూ చావని గ్రామర్ పుస్తకం

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన ఆడపిల్లకి మా వైపు రెండే దారులు కనిపించేవి. ఒకటి పెళ్ళి, రెండోది బి.ఎడ్. మొదటిదాని కోసం మా ఇంటికి వచ్చినవాళ్ళతో నేను నోరు విప్పి మాట్లాడేదాన్ని (మాట్లాడడం కాదు, వాదించడం అని మా అమ్మ సవరించేది). వాళ్ళు కాఫీ చల్లారకముందే లేచి వెళ్ళిపోయేవారు. రెండోదానిలో నాకు సీటు రాలేదు. ఇంగ్లీషు లిటరేచరుతో తెచ్చుకున్న బి.ఏ. పట్టా పెట్టుకుని, భీమవరంలో మా డాబా మీద కూర్చుని, లోకంలో ప్రతి విషయం మీదా నాకొక అభిప్రాయం ఉంటే అడిగే నాథుడు లేడే అని బాధపడుతూ ఉండేదాన్ని. ఇంట్లో నన్ను లాయరమ్మ అనేవారు. ఎవరూ అడక్కుండానే వాదించే లాయరుకి ఎంత గౌరవం దక్కాలో అంతే దక్కేది.

అలాంటప్పుడు మా బావగారు వచ్చారు. బావగారంటే మా పెద్దమ్మ కూతురి భర్త. భీమవరం నుంచి కాలవ గట్టు పట్టుకుని వెళితే వాళ్ళ ఊరు వస్తుంది. వరిచేలని రొయ్యల చెరువులుగా తవ్వించినవాళ్ళలో ఆయన మొదటి వరసలో ఉంటారు. మా అక్కకి ముగ్గురు పిల్లలు. ఇద్దరు. (ఇన్నేళ్ళయినా ఈ మాట చెప్పేటప్పుడు నా నోరు తడబడుతుంది.) నడిమివాడు అంతకు ముందు ఏడాది స్కూలు వ్యాన్లో వెళ్ళాడు. ఆ గట్టు మీదే మలుపులో వ్యాను కాలవలోకి బోల్తా కొట్టింది. ఆ రోజు ఆడపిల్లలిద్దరూ జ్వరంతో ఇంట్లో ఉండిపోయారు. దినకర్మలన్నీ అయ్యాక అక్క గేటుకి తాళం వేసి తాళంచెవి మెళ్ళో సూత్రాల గొలుసుకి తగిలించుకుంది. ఇక పిల్లలకి బడి లేదు, వీధి లేదు. ఆ ఇంట్లో పిల్లవాడి పేరు ఎవరూ పలకరు. చావు అనే మాటే ఎవరి నోటా రాదు.

"అమ్మాయ్, నువ్వొచ్చి పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పాలి," అన్నారు బావగారు. "పెద్దది వచ్చే మార్చిలో ప్రైవేటుగా టెన్త్ రాయాలి. చదువుదేముంది, చదువుతుంది. గేటు దాటి వెళ్ళి రాయాలి కదా, అదీ సంగతి. మీ అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. మా నాన్న మాట వినదు. చిన్నప్పట్నుంచీ నీ నోరంటే దానికి హడలు. నువ్వయితే ఒప్పిస్తావు."

నా నోటికి ఉద్యోగం రావడం అదే మొదటిసారి. వెంటనే ఒప్పేసుకున్నాను.

లెక్కలకీ సైన్సుకీ ప్రభుత్వం వారి పుస్తకాలున్నాయి కనుక పేచీ లేదు. పేచీ అంతా ఇంగ్లీషు గ్రామర్ దగ్గర వచ్చింది. అక్క మావగారు రిటైరైన హెడ్మాస్టరు. తాను చదువుకున్న గ్రామరే పిల్లలూ చదవాలని ఆయన పట్టు. ఆ పుస్తకం సగం చెదలు తినేశాయి. తినగా మిగిలింది చాలునని ఆయన వాదన. పరీక్షకి సరిపడా సన్నని గైడు ఒకటి కొంటే పోతుందని బావగారు. నేనేమో కొత్త పద్ధతిలో, సంభాషణలతో, బొమ్మలతో చెప్పాలని. వారం రోజులు ఆ ఇంట్లో భోజనాల దగ్గర మేం గ్రామర్ గురించే మాట్లాడుకున్నాం. అంత హోరుగా ఎందుకు మాట్లాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. గ్రామర్ ఆపితే ఆ వసారాలో రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు.

చివరికి నేను రాజమండ్రి వెళ్ళి, దొరికిన మూడు రకాలూ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అక్క వాటికి రొయ్యల మేత బస్తాల ఖాకీ కాగితంతో అట్టలు వేసింది. ఎండు చేపల పొడి వాసన కొట్టే గ్రామర్ పుస్తకాన్ని మీరెప్పుడూ చూసి ఉండరు. వాళ్ళ పిల్లి వాటిని వదిలేది కాదు. ఆ ఇంట్లో గ్రామర్ మీద నిజమైన ఇష్టం దానికొక్కదానికే ఉండేది.

అట్టలు వేశాక అక్క పుస్తకాలు నాకివ్వలేదు. ఆవిడ ఇంటర్ దాకా చదువుకుంది. తన గదిలో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ మూడూ మొదట్నుంచీ చివరిదాకా చదివింది. నా పద్ధతి మీద నమ్మకం లేక పరీక్షిస్తోంది కాబోలనుకుని, నేను జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక పొద్దున్న టిఫిన్ల దగ్గర వాటిని తెచ్చి బల్ల మీద పడేసింది.

"దీంట్లో ఓడ మునిగిపోయింది. దీంట్లో దొంగ ముసలాయన్ని చంపేశాడు. ఇదుగో దీంట్లో డాక్టరు వచ్చేలోగా పేషెంటు పోయాడు."

"ఆ పేషెంటు ప్రతి పుస్తకంలోనూ పోతాడక్కా," అన్నాను నేను.

"అయితే ప్రతి పుస్తకమూ వద్దు," అంది అక్క.

నేను ఆ పేషెంటుని హైస్కూల్లో మొదటిసారి చూశాను. ఇంటర్లోనూ పోయాడు, డిగ్రీలోనూ పోయాడు. ఆ డాక్టరు ఒక్క ఏడాది కూడా టైముకి రాలేదు. ఆయన ముందొచ్చాడా, ఈయన ముందు పోయాడా అన్నదానికి మార్కులు తెచ్చుకున్నానే గాని, ఆ మంచం పక్కన ఒక తల్లి నిలబడి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూట పెసరట్టు ముందు పెట్టుకుని పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. గ్రామర్ రాసేవాళ్ళంత కఠినాత్ములు మరొకరు ఉండరు. ప్రతి పేజీలోనూ ఎవడో ఒకడు నీళ్ళలో పడుతున్నాడు, రైలు కింద పడుతున్నాడు, పులి నోట్లో పడుతున్నాడు.

అక్క మైదా జిగురు కాచింది. తెల్లకాగితం సన్నని పీలికలుగా కత్తిరించి, చావు ఉన్న ప్రతి వాక్యం మీదా అంటించింది. తరవాత నీళ్ళున్న వాక్యాల మీద. తరవాత బస్సులు, రోడ్లు, వంతెనలు. తరవాత బడికి వెళ్ళే కుర్రాళ్ళు. పుస్తకాలు పూరీల్లా పొంగిపోయాయి. పాలు తెల్లగా ఉంటాయి, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటివి కొన్ని మిగిలాయి. వాటితో మార్చి దాకా లాగడం ఎలాగో తెలియక, నేనే ఒక సిలబస్ తయారు చేస్తానని గొప్పగా ప్రకటించాను.

మీరూ ప్రయత్నించి చూడండి. ఎవరూ ఎక్కడికీ వెళ్ళకూడదు. ఎవరికీ జబ్బు చెయ్యకూడదు. ఎవరి కోసమూ ఎవరూ ఎదురుచూడకూడదు (ఎదురుచూసే వాక్యం ఒకటి నేను రాస్తే అక్క కొట్టేసింది). నాలుగు రోజులు జుట్టు పీక్కుని చివరికి కూరగాయల దగ్గర తేలాను. వంకాయ నల్లగా ఉంది. అమ్మ వంకాయ కోస్తోంది. అమ్మ వంకాయ కోసింది. వంకాయ అమ్మ చేత కోయబడింది. బీరకాయ కన్నా సొరకాయ పెద్దది. హెడ్మాస్టరు తాతగారు ఒక పేజీ చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఏమ్మా, ఇది గ్రామరా, రైతు బజారా?" అన్నారు.

అక్కకి మాత్రం నచ్చింది. పాఠం జరిగినంతసేపూ గుమ్మంలో కూర్చుని వినేది. అలా దసరాలు దాటేశాం.

చదువు సంగతి అలా ఉండగా, నన్ను పిలిపించిన అసలు పని ఒకటుంది కదా. రోజూ వాదించేదాన్ని. పరీక్ష రాయకపోతే పెద్దది ఏమైపోవాలి అనేదాన్ని. అక్క చెయ్యి ఆపకుండా వినేది. ఒకరోజు నా దగ్గర గొప్ప తర్కం తయారైంది. "గేటు లోపల ఉంటే ఏమీ కాదని ఎవరు చెప్పారక్కా? ఇంట్లో కరెంటు లేదా? పెరటి వెనక చెరువులు లేవా? మేడ లేదా?" అన్నాను. అక్క మొదటిసారి తల ఎత్తి నా వైపు చూసింది. నిజమేనంది. గెలిచానని నేను ఆ పూట కడుపునిండా భోంచేశాను. మర్నాడు లేచి చూసేసరికి మేడ మెట్లకి అడ్డంగా బల్ల కట్టి ఉంది, చెరువుల వైపు తలుపుకి తాళం పడింది, స్విచ్ బోర్డులన్నిటికీ నల్ల టేపు చుట్టి ఉంది. ఫ్యాను కావాలంటే అక్కని పిలవాలి.

పెద్దది ఆ రోజు పాఠం అయ్యాక నా పక్కన చేరి నెమ్మదిగా, "పిన్నీ, ఇంక వాదించకు. ఉన్న కిటికీ కూడా మూసేస్తుంది," అంది. పద్నాలుగేళ్ళ పిల్ల. దాని మొహంలో కోపం కూడా లేదు. అంతకన్నా పెద్ద చీవాట్లు నేను జీవితంలో తినలేదు. ఆ తరవాత చాలా రోజులు పాఠం తప్ప మరో మాట మాట్లాడలేకపోయాను. మా అమ్మ చూసి ఉంటే, నా నోరు కట్టేసిన ఆ ఊరి నీళ్ళు సీసాలో పట్టించుకుని వెళ్ళేది.

సంక్రాంతి వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం నా కూరగాయలు కూడా అయిపోయాయి. కాకరకాయ తరవాత ఏమీ తోచక, ఇంట్లోవాళ్ళ మీద మీరే తలో వాక్యం చెప్పండర్రా అన్నాను. పెద్దది తాతగారు పేపరు చదువుతున్నారంది. వసారాలో మడతకుర్చీలో ఆయన నిజంగానే చదువుతున్నారు. అక్క గుమ్మంలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చిన్నది, దానికప్పుడు ఎనిమిదేళ్ళు, ఫ్యాను వైపు చూస్తూ కాసేపు ఆలోచించి, ఇంగ్లీషులో, తడుముకోకుండా, మా అన్నయ్య చనిపోయాడు అంది.

తాతగారి చేతిలో పేపరు దిగింది. పెద్దది తల వంచేసింది. ఎన్ని పుస్తకాలు వెతికి, ఎన్ని పీలికలు అంటించి ఆ మాటని ఆ ఇంట్లోకి రాకుండా చేశామో, అది తీరిగ్గా వచ్చి మా మధ్యన కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది అక్క.

చిన్నది నా వైపు చూసింది. తప్పు చేశాననుకుంది. చాలా చిన్న గొంతుతో మళ్ళీ చెప్పింది. అక్క నా వైపు తిరిగింది.

"సరిగ్గా చెప్పిందా?"

"సరిగ్గానే చెప్పిందక్కా," అన్నాను.

అక్క మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది. ఆ బుట్టలోవన్నీ అయిపోయేదాకా ఈనెలు తీసింది. అప్పుడు, మాలో ఎవరి వైపూ చూడకుండా, "పెద్దదానికి పరీక్షలు ఎప్పట్నుంచి?" అని అడిగింది. బావగారు రాగానే తాతగారు ఎదురెళ్ళి చెప్పారు. బావగారు గోడ వైపు తిరిగి చాలాసేపు చొక్కా విప్పుకుంటూ నిలబడ్డారు. అక్క షరతు ఒక్కటే. బండెక్కించదు. నడిపించుకుని వెళుతుంది.

మొదటి పరీక్ష రోజు తెలతెలవారుతుండగా బయలుదేరాం. అక్క, పెద్దది, నేను, గొడుగు పట్టుకుని తాతగారు. చిన్నదాన్ని ఇంట్లో వదలడానికి అక్క ఒప్పుకోలేదు కనుక అదీనూ. వెనకాల బావగారు మోటారు సైకిలు స్టార్టు చెయ్యకుండా తోసుకుంటూ. ఎందుకైనా మంచిదని తెచ్చారు గాని, ఎక్కి నడిపే ధైర్యం మాత్రం ఆయనకి లేదు. దారిలో పాలక్యాన్లతో వెళ్ళే ఆయన ఆగి, "పెట్రోలయిపోయిందాండి?" అని అడిగాడు. "ఆయ్, అయిపోయిందండి," అన్నారు బావగారు నిండు ట్యాంకు బండి మీద చేతులేసి. పాపం ఆ పాలాయన తన బండిలోంచి కాస్త పోస్తానని ఒకటే బతిమాలాడు.

మలుపు దగ్గర కొత్త రెయిలింగు వేశారు. అక్క ఆగలేదు. కాలవ వైపు తను నడిచి, పెద్దదాన్ని చేల వైపుకి జరిపి, దాని మణికట్టు పట్టుకుంది. రెయిలింగు దాటేదాకా పట్టుకునే ఉంది.

పరీక్ష జరిగినంతసేపూ ఆవిడ సెంటరిచ్చిన బడి గేటు బయట ఎండలో నిలబడింది. నీడకి రమ్మన్నా రాలేదు. పెద్దది బయటికొచ్చి బాగా రాశానంది. దాని కొత్త చెప్పులు కరిచి మడమలు రక్తం కారుతున్నాయి. అక్క ఆ కాళ్ళు చూసింది. వచ్చిన దారి చూసింది. తరవాత చెయ్యెత్తి ఆటో ఆపింది.

"మెల్లగా పోనివ్వు నాయనా. మాకేం తొందర్లేదు," అంది.

ఆటో అబ్బాయి అక్క మొహం చూశాడేమో, హారను కూడా కొట్టలేదు. సైకిళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒకావిడ కూడా దాటింది. అక్క ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఇద్దరు పిల్లల్నీ కలిపి పట్టుకుని, ఇల్లొచ్చేదాకా కళ్ళు మూసుకుని ఏడ్చింది. పిల్లవాడు పోయాక ఏడవడం అదే మొదలట. బావగారు తరవాత చెప్పారు.

పెద్దది ఇప్పుడు కొవ్వూరులో బ్యాంకు ఉద్యోగి. కారు తనే నడుపుతుంది. అక్క పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటుంది. ఆ మధ్య ఒక పెళ్ళిలో కలిస్తే, నువ్వు ఎంత వాదించేదానివే అని నవ్వింది.

నా కొడుకు ఇంజనీరింగు కాలేజీకి బైకు మీద వెళతాడు. నాతో వాదించే తీరిక వాడికి లేదు. హెల్మెట్ పెట్టుకున్నావా అంటే పెట్టుకున్నానమ్మా అంటూ వీధి చివర చెయ్యి ఊపేస్తాడు. బండి చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా నేను గేటు దగ్గర మందార మొక్కకి నీళ్ళు పోస్తూ నిలబడతాను. నీళ్ళెక్కువై ఆ మొక్క మొన్న వానాకాలంలోనే కుళ్ళిపోయింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి వాదన ఉంది. అడిగేవాళ్ళు లేక, రోజూ పొద్దున్నే ఖాళీ కుండీకి నీళ్ళు పోస్తున్నాను.