నింపని గడి

గడి ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్ళబోతే చేతిలో ట్యాబ్ సన్నగా వణుకుతుంది. గడి చుట్టూ ఎర్ర గీత వచ్చి, ఈ వివరం తప్పనిసరి అని కింద ఒక వాక్యం కనిపిస్తుంది. మొన్న జూలూరుపాడు దగ్గర ఒక ఊళ్ళో, ఇంటింటి సర్వేకు కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పిస్తున్నాను. ఒకమ్మాయి ఆ వణుకుకు విసిగిపోయి గబుక్కున సున్న కొట్టి ముందుకు జరిగింది. నా గుండె ఝల్లుమంది. సున్న కొడితే గుండె ఝల్లుమనడమేమిటని చూసేవాళ్ళకు నవ్వు రావచ్చు. వాళ్ళకు స్టాటిస్టిక్స్ చెప్పింది రాజేశ్వరి మేడం కాదు కదా. మేడం పోయి ఏడాది దాటింది. ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఖమ్మంలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో, నేను చేరిన సంవత్సరమే సంబంధం లేని రెండు సబ్జెక్టులను సరిసమానంగా చదువుకునే వీలు పెట్టారు. డబుల్ మేజర్ అన్నారు. నేను స్టాటిస్టిక్స్, తెలుగు సాహిత్యం తీసుకున్నాను. పొద్దున అంకమధ్యమం, మధ్యాహ్నం ఉత్పలమాల. లెక్కలు నాకు మొదటినుంచీ వచ్చు. తెలుగు మీద మోజు మాత్రం చర్చిలో పట్టుకుంది. ఆదివారం వాక్యం చదివే పని చిన్నప్పటినుంచీ నాదే. ఆ రెండూ కలిపి తీసుకున్నవాళ్ళం నలుగురం. వారం తిరిగేసరికి ముగ్గురు జారుకున్నారు. నాన్న కొత్తగూడెంలో ఒక చిన్న దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. "లెక్కలు సరే, తెలుగు ఏందిది ఎస్తేరు? దానితోని ఏం జేస్తవు?" అన్నాడు. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాడు. రెండో ఏడాది ఆఖర్లో రెండు మేజర్లూ ఉంచుకుంటామా, ఒకటి వదులుకుంటామా అని కాలేజీకి రాసివ్వాలి. తండ్రి సంతకం కావాలి. అప్పటిలోగా తెలుగు వల్ల ఏదైనా ఒరిగినట్టు కనిపిస్తే సంతకం పెడతాడు. లేకపోతే తెలుగు వదిలేసి కంప్యూటర్లు తీసుకోవాలి.

మేడంకు అప్పటికే యాభై దాటాయి. సన్నటి మనిషి. నేత చీర కట్టి కాళ్ళకు కాన్వాసు బూట్లు వేసుకునేది, ఎవరు నవ్వినా పట్టించుకునేది కాదు. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి దమ్మపేటలో భూములు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. తమ్ముడు అక్కడ పామాయిల్ తోట చూసుకునేవాడు, ఈవిడ ఖమ్మంలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక్కతే ఉండేది. మొదటి రోజు క్లాసులోకి వస్తూనే, "పొద్దున టిఫిన్ తిన్నవాళ్ళు చేతులెత్తండి" అంది. పదిహేను చేతులు లేచాయి. "తిననివాళ్ళు?" తొమ్మిది. రెండూ బోర్డు మీద రాసి, క్లాసులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమంది. ముప్పై ఒక్కమందిమి.

"మరి మిగతా ఏడుగురు?"

ఆ ఏడుగురిలో నేనూ ఒకదాన్ని. హాస్టల్లో ఉప్మా రెండు ముద్దలు తిని పారేసి వచ్చాను. అది తిన్నట్టో తిననట్టో నాకే తెలియలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, "తిన్నోళ్ళే అయ్యుంటరు మేడం, సిగ్గుపడుతున్నరు" అన్నాడు.

"నీకు చెప్పారా?"

"లేదు మేడం."

"అయితే నీకు తెలీదు. నాకూ తెలీదు. వాళ్ళకు వేరే వరస వేద్దాం." బోర్డు మీద మూడో వరస గీసి ఏడు అని రాసింది. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టింది. ఈ తిక్క మనిషితో మూడేళ్ళు ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

రెండో ఏడాది ఎండలు ముదురుతుండగా సర్వే ప్రాజెక్టు పనికి మమ్మల్ని జూలూరుపాడు దాటి అడవి అంచున ఉన్న ఒక ఊరికి తీసుకెళ్ళింది. మా ఇంటికి దగ్గరే అయినా ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరికి కొన్ని ఇళ్ళు పంచింది. నా ఇళ్ళలో ఒకటి ఒక కోయ అవ్వది. ఆమెను ఇక్కడ ముత్తమ్మ అంటాను. అసలు పేరు వేరే. ఇప్పపువ్వు వాకిట్లో ఎండబోసి, మేకలు రాకుండా కాపలా కూర్చుంది. ఇల్లు ఎవరిది, నీళ్ళు ఎక్కడివి, పొయ్యి ఏది అన్నిటికీ చకచకా చెప్పింది. "పిల్లలు ఎంతమంది అవ్వా?" అని అడిగాను. నా వైపు ఒకసారి చూసి, లేచి, మేకలను అదిలిస్తూ పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది. ఫారంలో అన్ని గళ్ళూ నిండి ఆ ఒక్కటే ఖాళీగా ఉంటే నాకే ఏదోలా అనిపించింది. సున్న పెట్టి పరుగెత్తాను.

అదే వారం తెలుగులో ఒక కథ రాసివ్వమన్నారు. నాకు ముత్తమ్మ కళ్ళముందే ఉంది. ఒక ముసలామె, వాకిట్లో ఇప్పపువ్వు. పిల్లలెందరని అడిగిన ప్రశ్నకు ఆమె బదులివ్వదు, ఎందుకంటే ఉన్న ఒక్క కొడుకూ వరదల్లో వాగు దాటబోయి చనిపోయాడు. చివర ఆమె మేకపిల్లను గుండెకు హత్తుకుని ఏడుస్తుంది. పేరు కూడా మార్చలేదు, ఆ పేరు నాకు నచ్చింది. ఊరి పేరూ అలాగే ఉంచాను. తెలుగు సారు దాన్ని క్లాసులో చదివి వినిపిస్తే ఇద్దరమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు. కాలేజీ వార్షిక సంచికలో మొదటి కథగా వేస్తామన్నాడు. నేను గాల్లో తేలిపోయాను. ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేశాను. ఆయన మర్నాడు దవాఖానాలో అందరికీ చెప్పుకున్నాడని అమ్మ చెప్పింది. ఇంక సంతకం ఖాయం.

సంచిక కమిటీలో రాజేశ్వరి మేడం కూడా ఉందన్న సంగతి నాకు తెలియదు. వారం తర్వాత స్టాఫ్ రూముకు పిలిచింది. బల్ల మీద ఒక పక్క నా కథ, ఇంకో పక్క నా ఫారం పెట్టి ఉన్నాయి.

"ఈవిడా, ఈవిడా ఒకరేనా?"

"అవ్ మేడం."

"ఫారంలో పిల్లలు సున్న. కథలో ఒక కొడుకు, వాడు వాగులో పోయాడు. ఇంతకీ ఆవిడేం చెప్పింది?"

"ఏం చెప్పలే మేడం. లేచి పోయింది."

"మరి ఈ సున్న ఎవరిది?"

"ఖాళీగ ఉంటే ఫారం పూర్తి కాలేదంటరేమోనని..."

"ఈ కొడుకు ఎవరు?"

నాకు రోషం వచ్చింది. "అది కథ గదా మేడం. కథల కల్పన ఉంటది."

"ఉండనీ. కల్పనకు ఆవిడ పేరెందుకు? ఆవిడ ఊరెందుకు? రేపు ఆ ఊరి బడిపిల్ల ఎవరో ఈ పుస్తకం తీసుకెళ్ళి ఆవిడకు చదివిపెడితే?" అంది. గొంతు పెంచలేదు. "రెండు మేజర్లు తీసుకున్నావని నేను సంబరపడ్డాను ఎస్తేరూ. తీరా చూస్తే రెండింట్లోనూ ఒకటే పని చేశావు. ఖాళీ కనపడగానే నింపేశావు."

వెళ్ళి ఆ కథ ముత్తమ్మకు చదివి వినిపించమంది. ఆమె సరేనంటే అచ్చు వేస్తారు, లేదంటే లేదు. సంచిక ప్రెస్సుకు వెళ్ళడానికి మూడు రోజులుంది. హాస్టల్‌కు పోయి మేడంను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కథలంటే ఏమిటో తెలియని మనిషికి నా కథ ఎందుకు చిక్కాలి అని ఏడ్చాను. నాన్న సంతకం కళ్ళముందు కొట్టుకుపోతోంది. మర్నాడు పొద్దున్నే బస్టాండుకు వెళ్తే, బూట్లు వేసుకుని మేడం అక్కడ నిలబడి ఉంది.

"మీరెందుకు మేడం?"

"ఆ ఫారం మీద కింద నా సంతకం కూడా ఉంది. చూడకుండా పెట్టాను" అంది. ఊళ్ళో దిగాక రోడ్డు పక్క టీ కొట్టు బెంచీ మీద కూర్చుండిపోయింది. "రాసింది నువ్వు, చదవాల్సిందీ నువ్వే. వెళ్ళు."

ముత్తమ్మ అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. వచ్చిన పని చెప్పి, పక్కన కూర్చుని కథ చదివాను. చర్చిలో అంతమంది ముందు తడబడని నా గొంతు ఆ వాకిట్లో నాలుగుసార్లు తడబడింది. ఆమె చేయి ఆగకుండా విన్నది.

"అయిపోయిందా? మంచిగనే ఉన్నది. పాపం, గా ముసలామె ఎవరు బిడ్డా?"

"నువ్వే అవ్వా."

"నేనా?" పకపకా నవ్వింది. "మేకను పట్టుకొని ఏడ్సుడేంది, పని లేకనా? గిది నా సంగతి గాదు. ఎవరిదో." ఇంకో ఆకు అందుకుని, "మరి ఆనాడు కాయితంల నా సంగతి ఏం రాసుకున్నవ్?" అని అడిగింది.

"పిల్లలు... సున్న పెట్టిన అవ్వా."

"సున్నంటే?"

"లేరని."

చేతిలో పుల్ల ఆగిపోయింది. "లేరనా?" అంది. కథ విని నవ్విన ముఖం అది కాదు. "లేరని నీకెవరు జెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు అవ్వా అన్నాను. జీవితంలో అంత సిగ్గుపడింది మళ్ళీ లేదు. కథలో కొడుకును వాగులో చంపితే నవ్వేసిన మనిషికి ఆ చిన్న సున్న తగిలింది. తప్పయింది అన్నాను. ఆమె విస్తరి పక్కన పెట్టింది. కాసేపటికి తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది. పావుగంట చెప్పింది. మధ్యలో రెండుసార్లు కోయ భాషలోకి వెళ్ళిపోయి మళ్ళీ తెలుగులోకి వచ్చింది. అంతా అయ్యాక, "అడిగేటోళ్ళు శానమంది వస్తరు, రాసుకొని పోతరు. నువ్వు మల్లొచ్చినవని చెప్పిన. రాయకు బిడ్డా" అంది. నేను పెన్ను మూత కూడా తీయలేదు.

టీ కొట్టు దగ్గర మేడం నా ముఖం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"చెప్పిందా?"

"చెప్పింది మేడం. రాయొద్దన్నది."

ఫారం తీసి సున్నను ఒక్క గీతతో కొట్టేశాను. పక్కన జవాబు ఇవ్వలేదు అని రాయబోతుంటే ఆపింది. "అది అబద్ధం కదా. ఇచ్చింది. రాయవద్దన్నారు అని రాయి." అలాగే రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. ముత్తమ్మ ఏం చెప్పిందని ఆ రోజు మేడం నన్ను అడగలేదు. తర్వాత ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

కథ వెనక్కి తీసుకున్నాను. తెలుగు సారు పేరు మారిస్తే చాలు కదమ్మా అన్నాడు, కానీ నాకు మనసొప్పలేదు. ఇంక మిగిలింది నాన్న. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, జరిగిందంతా చెప్పి, సంచికలో నా కథ రాదన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. దవాఖానాలో అంతమందికి చెప్పుకున్నాడు మరి. అన్నం తిని చేయి కడుక్కుంటూ, "ఆమె సున్న అని చెప్పలే, నువ్వు పెట్టినవ్. అంతేనా?" అన్నాడు. అవునన్నాను. "మా దగ్గర శాంపిల్ ఇయ్యనోళ్ళ పేరు మీద నెగెటివ్ అని రిపోర్టు కొడితే, అదే రోజు నన్ను కొలువు తీసి ఇంటికి పంపిస్తరు. మీ మేడంకు పని తెలుసు." రెండు మేజర్ల కాలేజీ ఫారం తెమ్మన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి సంతకం పెట్టాడు. "రెండూ సదువుకో" అన్నాడు.

రెండూ చదివాను. ఇప్పుడు వారమంతా సర్వే పని, తీరిక దొరికితే కథలు. అడపాదడపా ఆదివారం సంచికల్లో అచ్చవుతాయి. అచ్చయిన ప్రతిదీ మేడంకు పంపేదాన్ని. బాగుందనో బాగాలేదనో ఎప్పుడూ అనలేదు. "ఈ మూడో పేజీలో ఆయన మాట నువ్వు విన్నదా, అనుకున్నదా?" అని ఫోన్ చేసేది. అనుకున్నదే అంటే, "అయితే ఎక్కడో విన్నదానిలాగే ఉంది, పరవాలేదు" అనేది. ఆవిడ నోట మెచ్చుకోలు అంటే అదే. రిటైరయ్యాక దమ్మపేట వెళ్ళిపోయింది. అక్కడే గుండెపోటుతో పోయింది. కబురు తెలిసిన రోజు నేను ఫీల్డులో ఉన్నాను. ఎవరింటి అరుగు మీదో కూర్చుని ఏడ్చాను.

పదకొండో రోజున దమ్మపేట వెళ్ళాను. కాలేజీవాళ్ళు ఆవిడ గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. మేడం తమ్ముడు నా పక్కన కూర్చుని పుట్టిన సంవత్సరం, చదివిన ఊళ్ళు చెప్పి రాయించాడు. తర్వాత కొంచెం తటపటాయించాడు.

"అక్కయ్య పెళ్ళి చేసుకోలేదు కదమ్మా. విద్యార్థుల కోసమే మానుకుందని రాయండి. అందరూ అదే అంటున్నారు. బాగుంటుంది కూడా."

"మీతో ఎప్పుడైనా అట్లా అన్నారా అండీ?"

"లేదమ్మా. ఒకసారి మా అమ్మ అడిగితే లేచి తోటలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరం అడగలేదు." నా వైపు ఆశగా చూశాడు. "మీతో ఏమన్నా చెప్పిందా?"

"లేదండీ."

"అయితే ఏం రాస్తారు?"

"అది రాయనండీ" అన్నాను. ఆయన తల ఊపాడు. అందులో నొచ్చుకున్నట్టు ఏమీ కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో, సత్తుపల్లి దాటాక, బస్సులో నాకు ఒక ఊహ వచ్చింది. ఆవిడ ఎందుకు ఒంటరిగా ఉండిపోయిందో, ఎందుకు ఆ రోజు అంత దూరం నా వెంట వచ్చి ఆ బెంచీ మీద కూర్చుందో, అన్నీ చక్కగా అతికాయి. మంచి కథ అవుతుంది. ఇంతవరకూ రాయలేదు.