పందుల అధికారి జోథమ్ వాడ్లీ

మార్చి నెల ఊరి సమావేశంలో జోథమ్ వాడ్లీని పందుల అధికారిగా ఎన్నుకున్నప్పుడు ప్రార్థనామందిరం దద్దరిల్లేలా నవ్వారు జనం. న్యూ హాంప్‌షైర్ కొండల్లోని హార్ట్‌వెల్‌లో అది పాత వేడుకే. ఊరిమీద పడి తిరిగే పందుల్ని పట్టి బందెలదొడ్డికి తోలే పనిని ఆ ఏడాది పెళ్ళయిన కుర్రాళ్ళ నెత్తిన పెడతారు. కొత్త పెళ్ళికొడుకు బురదలో పంది వెంట పరుగెడుతుంటే ఊరంతా చూసి ఆనందిస్తుంది. ఈసారి పెళ్ళికొడుక్కి అరవై దాటాయి. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఫిలడెల్ఫియాలో జరిగిన దేశ కాంగ్రెస్‌కు ప్రతినిధిగా వెళ్ళొచ్చినవాడు, ఆ తర్వాత రాష్ట్ర సెనేట్‌లో కూర్చున్నవాడు.

ఆ పనికి అతని పేరు చెప్పింది పిండిమర నడిపే ఆసా టిల్టన్.

"సెనేటరు గారు దేశాన్ని చక్కబెట్టారు గదా. ఇక మా పందుల్ని కూడా కాస్త దారిలో పెట్టమనండి."

ఆసా కడుపుమంట నిన్నమొన్నటిది కాదు. దేశానికి రాసిన కొత్త రాజ్యాంగం వద్దని చెప్పి రమ్మని ఊరు అప్పట్లో వాడ్లీని, దాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చే రాష్ట్ర సభకు పంపింది. అక్కడి వాదనలు విన్నాక అతని మనసు మారింది. మారిన మనసుతో అక్కడే ఓటేసి రాలేదు. సభ వాయిదా పడగానే మంచులో గుర్రమెక్కి ఇంటికొచ్చి, ఇదే మందిరంలో నిలబడి, "మీ మాట అక్కడ చెప్పాను. అక్కడి మాట మీకు చెప్పడానికొచ్చాను. విన్నాక కూడా వద్దంటే వద్దనే ఓటేస్తాను" అన్నాడు. పొద్దుగూకేదాకా తగాదాపడి, చివరికి నీ ఇష్టం ప్రకారం వెయ్యమన్నారు. ఆసా ఒక్కడే ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి వాడ్లీ గడప తొక్కలేదు.

దేశం పని వాడ్లీ దగ్గర్నుంచి తీసుకున్నది చాలానే ఉంది. మొదటి భార్య ప్రూడెన్స్ జ్వరంతో పోయినప్పుడు అతను ఫిలడెల్ఫియాలో సైనికుల బూట్ల గురించి వాదిస్తున్నాడు. కబురు అందేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. తర్వాత చాలా ఏళ్ళు ఒంటరిగానే వండుకు తిన్నాడు. కిందటి శీతాకాలంలో హుల్డా అనే వితంతువును పెళ్ళాడాడు. ఆవిడ ఒక నేత మగ్గాన్నీ, ఒక మచ్చల పందినీ, ఎవరికీ లొంగని నాలుకనీ వెంటబెట్టుకొచ్చింది.

నవ్వులు ఆగేదాకా వాడ్లీ ఊరుకున్నాడు. తర్వాత లేచి కుడిచెయ్యి ఎత్తి, "ప్రమాణం చేయించండి" అన్నాడు. కాంగ్రెస్‌కు వెళ్ళేముందు ఎంత నిదానంగా పలికాడో ఇప్పుడూ ప్రతి మాటా అంత నిదానంగా పలికాడు. అప్పుడిక ఎవరూ నవ్వలేదు.

వేసవంతా కర్ర పట్టుకుని తిరిగాడు. ఊళ్ళో పందుల మెడకు కంచెల్లో దూరకుండా వేసే కొయ్య కాడి, ముక్కుకు నేల తవ్వకుండా వేసే రింగు లేకపోతే ఎవరిదని చూడకుండా దొడ్డికి తోలాడు. పాస్టరు గారి పందిని కూడా ఆదివారం అయ్యేదాకా ఆగి, సోమవారం తోలాడు.

మొక్కజొన్న కంకులు పాలుపట్టే రోజుల్లో ఒక ఉదయం ఆసా పొలంలో మచ్చల పంది పడింది. మెడకు కాడి లేదు. ఆసా దాన్ని అదిలించలేదు. వాడ్లీకి కబురంపి, కంచె మీద చేతులు ఆనించుకుని నిలబడ్డాడు.

వాడ్లీ వచ్చాడు, పందిని చూశాడు, తోలుకెళ్ళాడు. దొడ్డికి దారి సొంత ఇంటి ముందునుంచే. హుల్డా గుమ్మంలోకొచ్చింది.

"వాడ్లీ గారూ, అది మన పంది."

"తెలుసు హుల్డా."

"మెడ ఒరుసుకుని పుండు పడితే కాడి నేనే తీశాను. ప్రాణమున్న జీవి కదండీ."

"తీసినందుకు తప్పు పట్టను. దడి తలుపు వేసుకోవాల్సింది."

"మీ సెనేట్‌లో జాలనేది నేర్పలేదా?"

"ఇవాళ దీన్ని వదిలేస్తే రేపు ఎవరి పందినీ పట్టలేను. నిన్నటిదాకా పట్టినవాళ్ళకు మొహం చూపించలేను."

ఆ పూట ఆవిడ బల్ల మీద చల్లారిన చిక్కుళ్ళు పెట్టి, మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది. వాడ్లీ వాటిని గింజ మిగలకుండా తిన్నాడు.

తెల్లారాక హుల్డా టోపీ పెట్టుకుని దొడ్డికెళ్ళింది. జుల్మానా కట్టింది. పుండుకు మందు రాసి, కాడి లోపల గుడ్డ చుట్టి పందికి తగిలించింది. తిరుగుదారిలో తమ చేలోని కంకులు రెండు బుట్టల నిండా కోసి ఆసా వాకిట్లో దించింది. వద్దమ్మా, ఎంత పోయిందని, అంటూ ఆసా నసిగాడు.

"తీసుకోండి. నవ్వులపాలు చెయ్యాలనే గదా ఆయనకి ఆ పని ఇచ్చారు? ఇప్పుడు నవ్వండి, చూస్తాను."

ఆసా నవ్వలేదు. బుట్టలు తనే లోపలికి మోసుకున్నాడు.

మరుసటి మార్చిలో శాసనసభకు ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది వాడ్లీ పేరే చెప్పారు. ఆసా చెయ్యెత్తలేదు గానీ, కాదనీ అనలేదు. వాడ్లీ వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి, నువ్వు కూడా వస్తేనే వెళ్తానని హుల్డాతో అన్నాడు. ఆవిడ పందినీ మగ్గాన్నీ పక్కింటివాళ్ళకు అప్పజెప్పి బండెక్కింది.

సభలో వాడ్లీ ఎప్పటిలాగే తక్కువ మాట్లాడాడు. బసలో భోజనాల దగ్గర మాత్రం కొండదారుల బిల్లు మీద హుల్డా ఇద్దరు సభ్యులను ఎంత గట్టిగా నిలదీసిందంటే, వాళ్ళు మర్నాటి నుంచి వేరే బల్ల వెతుక్కున్నారు. వాడ్లీ ఆవిడ పక్కనే కూర్చుని, రొట్టెకు వెన్న రాసుకుంటూ, ఒక్క మాటకూ అడ్డురాలేదు.