సీక్వెన్సా, కలరా?

హాల్లో ఉన్నది ముగ్గురం: నేను, మా ఆవిడ, సెలవులకి వచ్చిన మా చెల్లెలి కొడుకు. టీపాయ్ మీద మూడు కాఫీ గ్లాసులు, ఒక ప్లేటులో చేగోడీలు, వాడి చేతిలో ఫోను. ఆ ఫోనులో పచ్చటి బల్ల, దాని చుట్టూ ఎక్కడివాళ్ళో తెలియని అయిదుగురు, మధ్యలో పేకముక్కలు. పోకర్ నేర్పుతాను రా మామయ్యా అని వాడు పిలిచాడు. నేను జవాబు చెప్పేలోపే మా ఆవిడ నవ్వి, మీ మామయ్య ఎప్పుడో నేర్చుకున్నాడు, ఆ ఆట వల్లే నేనీ ఇంట్లో ఉన్నాను అంది. వాడు ఎలా అని అడిగాడు గానీ, అంతలో ఆటలో వాడి వంతు వచ్చింది, బొటనవేలితో తెరని నొక్కుతూ మళ్ళీ అందులోకి వెళ్ళిపోయాడు. వాడికి చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మన ఈడువాళ్ళకైతే కరెంటు కోత అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిప్లొమా చేతపట్టుకుని, చిలకలూరిపేట దారిలో ఉన్న ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరాను. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయేది. పొద్దుటి నుంచి చెవుల్లో నిండిపోయి ఉన్న, నూలు వడికే రింగ్ ఫ్రేముల మోత ఒక్కసారిగా అణిగిపోయి, గాలిలో తేలుతున్న దూది నుసి నెమ్మదిగా దిగివచ్చి భుజాల మీదా కనుబొమల మీదా వాలేది. మిల్లుకి అప్పట్లో జనరేటరు లేదు. నాలుగింటికి రావలసిన కరెంటు ఒక్కోరోజు మూడున్నరకే వచ్చేసేది, ఒక్కోరోజు అయిదైనా వచ్చేది కాదు. ఎప్పుడొస్తే అప్పుడు పరుగెత్తాలి కాబట్టి మెయింటెనెన్స్ వాళ్ళం ఇళ్ళకి పోకుండా మా గదిలోనే కూర్చునేవాళ్ళం.

ఆ గదిలో నలుగురం. ఎలక్ట్రీషియన్‌ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి, వాళ్ళ ఊరి చర్చిలో సంఘపెద్ద. ఫిట్టరుని మావయ్య అనేవాళ్ళం, ఆయన మాలో ఎవరికీ మావయ్య కాకపోయినా. కొత్త మిషను బిగించడానికి కోయంబత్తూరు నుంచి వచ్చిన ఎరెక్టరు గారు మూడో మనిషి. నాలుగోవాణ్ణి నేను. ఇక వస్తువులు చెప్పాలంటే, ఒక కాలు పొట్టిగా ఉన్న ఇనుప బల్ల, రెండు బెంచీలు, కరెంటు లేక ఆగిపోయిన సీలింగు ఫ్యాను, అంచులు నలిగిన పేక ఒకటి, వెనక జిన్నింగు షెడ్డులోంచి తెచ్చుకున్న పత్తిగింజలతో నింపిన టీ గ్లాసులు. గింజలతో ఆడితే అది పేకాట కిందికి రాదని బాబాయ్ వాదన. పాస్టరు గారిని అడిగావా అని మావయ్య అంటే, అడగాల్సినంత పెద్ద విషయమా అని తప్పించుకునేవాడు.

మా ప్రాంతంలో రమ్మీ రానివాడు అరుదు. మూడు ముక్కలాట కూడా అంతే, ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. పోకర్ మాత్రం మేమెవరమూ చూడలేదు. ఎరెక్టరు గారు ఏదో దేశంలో మిషన్లు బిగిస్తూ నేర్చుకున్నారట. మనిషికి అయిదు ముక్కలు పంచుతారు, అక్కర్లేనివి ఒక్కసారి మార్చుకోవచ్చు, ఆ తర్వాత నమ్మకాన్ని బట్టి గింజలు పెంచుకుంటూ పోవాలి, చివరికి ఎవరి ముక్కలు పెద్దవైతే వాళ్ళవే గింజలన్నీ. ఏది దేనికంటే పెద్దదో ఆయన ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయారు. మావయ్య దాన్ని తెలుగు చేశాడు: అన్నిటికంటే చిన్నది జత, దాని మీద రెండు జతలు, ఆ పైన ఒకే రకం మూడు, ఆ పైన కలరు అంటే అయిదూ ఇస్పేట్లే కావడమో అయిదూ ఆఠీన్లే కావడమో, దాని మీద సీక్వెన్సు అంటే అయిదూ వరస ముక్కలు, ఇంకా పైన మూడూ రెండూ కలిసినవి. మాకు తెలిసిన మూడు ముక్కలాటకి అది సరిగ్గా సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎరెక్టరు గారికి తెలుగు అంతంతమాత్రం, ఆయనకీ రాలేదు.

నేను మొదట్లో ఘోరంగా ఓడిపోయేవాణ్ణి. రమ్మీ అలవాటు కొద్దీ ముక్కలు చేతికి రాగానే సర్దడం మొదలుపెట్టేవాణ్ణి: జతని ఎడమవైపుకి, పనికిరానివి కుడివైపుకి. పదమూడు ముక్కల ఆటలో ఆ సర్దుడు ఎవరూ పట్టించుకోరు. అయిదు ముక్కల ఆటలో అది దండోరా వేసుకోవడమే. నాలుగురోజుల పాటు నా గింజలన్నీ ఊడ్చుకున్నాక బాబాయ్‌కే జాలేసినట్టుంది.

"ఏరా, నీ చేతిలో జతుందని నోటితో చెప్పకపోయినా ఏళ్ళతో చెబుతున్నావుగా" అన్నాడు. "వచ్చినయ్యి వచ్చినట్టే పట్టుకో. లోపల సర్దుకో."

లోపల సర్దుకోవడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఆయన దగ్గర నేర్చుకున్న ఆ విద్యతోనే ఆయనకి ఎదురు కూర్చోవలసి వస్తుందని అప్పుడు తెలియదు.

ఆ నెలలోనే కొత్త మిషను పని ముగింపుకొచ్చింది. రాబోయే ఆదివారం దాన్ని మొదటిసారి నడిపించాలి కాబట్టి మెయింటెనెన్స్‌లో ఒక్కరికే సెలవు, ఎవరన్నది మీరే తేల్చుకోండి అని మేనేజరు గారు చెప్పేసి వెళ్ళిపోయారు. మావయ్యకి ఆ సెలవుతో పనిలేదు. బాబాయ్‌కి ఉంది. వాళ్ళ అమ్మాయికి పెళ్ళయిన ఆరేళ్ళకి మొదటి కాన్పు, మగపిల్లాడు. కొత్తపట్నం దగ్గర వియ్యంకుడి ఊళ్ళో, ఆ ఆదివారం ఆరాధనలో బిడ్డని దేవుడికి ప్రతిష్ఠిస్తున్నారు. తాత బిడ్డని ఎత్తుకుని పాస్టరు గారి ముందుకి తీసుకెళ్ళాలి. నాకూ ఉంది. మంగళగిరిలో పెళ్ళిచూపులు. మిల్లు పని వల్ల అప్పటికే ఒకసారి వాయిదా వేయించాం. ఇంకోసారి వేస్తే అబ్బాయికి ఇష్టం లేదనుకుంటారని, పైగా తెనాలి నుంచి వాళ్ళకి ఇంకో సంబంధం వస్తోందని అమ్మ కబురు పంపింది. నేను చూసింది ఫొటో ఒక్కటే. అందులో ఆ అమ్మాయి కెమెరాని కాక పక్కకి, ఎవరో ఏదో అన్నందుకు నవ్వాపుకుంటున్నట్టు చూస్తోంది. ఆ అన్నదేమిటో అడగాలని నాకు చాలా ఉండేది.

నువ్వు వెళ్ళు అని బాబాయ్ నాతో అనలేదు. నేనూ ఆయనతో అనలేదు. రెండురోజులు ఆ విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నాం. శుక్రవారం కరెంటు పోగానే మావయ్య పేక తీసి బల్ల మీద కొట్టాడు.

"మనవడు గొప్పా పెళ్ళికూతురు గొప్పా అని తీర్పు చెప్పడం నా వల్ల కాదురా. గింజలు చెబుతాయి, కూర్చోండి."

మా ఇద్దరికీ ఒక్కసారే ప్రాణం లేచొచ్చిందనుకుంటాను. ఒకరి మంచితనాన్ని ఒకరు అడుక్కోవలసిన అవసరం తప్పింది. ఇద్దరికీ సమంగా గింజలు; కరెంటు వచ్చేసరికి ఎవరి గ్లాసులో ఎక్కువుంటే వాళ్ళది ఆదివారం; కరెంటు వచ్చేటప్పటికి పంచిన ఆట మాత్రం పూర్తి చేయాలి. మావయ్య పంచేవాడు. ఎరెక్టరు గారు ప్రేక్షకుడు.

గదిలో గాలి లేదు. కిటికీ తెరిస్తే అవతల కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు లోపలికి కొట్టి అందరం దగ్గుతున్నామని అదీ మూసేశాం. మొదట నేను గెలిచాను, తర్వాత ఆయన, మళ్ళీ నేను. మూడున్నర అయ్యేసరికి రెండు గ్లాసులూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అక్కణ్ణుంచి నా చూపు ముక్కల మీద కంటే ఫ్యాను మీదే ఎక్కువుంది. నా గ్లాసు కాస్త నిండినప్పుడల్లా కరెంటు రావాలని, తగ్గినప్పుడల్లా రాకూడదని మనసులో అనుకుంటూనే ఉన్నాను. బాబాయ్ మాత్రం పైకి చూడలేదు. ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడో, ముక్కలు లెక్కపెడుతున్నాడో.

నాలుగు దాటాక వచ్చిన ముక్కలు నాకు ఇప్పటికీ గుర్తే: అయిదు, ఎనిమిది, రాణి, ఆరు, ఏడు. సర్దలేదు. రాణిని పడేసి ఒక్క ముక్క తీసుకున్నాను. బాబాయ్ కూడా ఒక్కటే మార్చాడు. నాకొచ్చింది ఆఠీను తొమ్మిది. గుప్పెడు గింజలు ముందుకి తోశాను. బాబాయ్ నా వేళ్ళవైపు చూశాడు, ముఖంవైపు చూశాడు, తన గ్లాసు మొత్తం బల్ల మీద బోర్లించాడు. మూడూ రెండూ కలిశాయా ఈయనకి అనుకున్నాను. వెనక్కి తగ్గితే గుప్పెడే పోతుంది, కానీ ఆ గుప్పెడుతో ఆదివారం కూడా పోవచ్చు. నా గ్లాసూ బోర్లించాను.

అప్పుడే తల మీద ఫ్యాను కిర్రుమంది. ఒక రెక్క కదిలింది, దుమ్ము రాలింది, తిరగడం మొదలైంది. కరెంటు వస్తే ప్యానెలు దగ్గర ముందు ఉండవలసింది బాబాయే. లేచి నిలబడుతూనే నా ముక్కలు చూపించమన్నాడు. పరిచాను. ఆయన వంగి చూసి, తన ముక్కలు బల్ల మీద పడేశాడు. అయిదూ కళావర్లు.

"సీక్వెన్సా? అయితే ఆదివారం నీదేరా" అన్నాడు. "మంచి చొక్కా ఏసుకెళ్ళు."

అని పరుగెత్తాడు. నా సంతోషంలో ఆయన వీపు తప్ప ముఖం చూడలేదు.

అరగంట తర్వాత, ఫ్రేములన్నీ మోత అందుకున్నాక, ఎరెక్టరు గారు నా దగ్గరికి వచ్చారు. మిల్లులో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. ఆయన అలాగే అరిచారు: పెద్దాయన చాలా మంచివాడు, గెలిచి కూడా నీకు వదిలేశాడు. నాకు అర్థం కాక సీక్వెన్సు నాదని నేనూ అరిచాను. ఆయన తల అడ్డంగా ఊపి, పోకర్‌లో కలరే పెద్దదని, బాబాయ్ తెలిసే వదులుకున్నాడనుకుని తను మాట్లాడలేదని చెప్పారు.

ఆ సాయంత్రం నా అద్దెగదికి వెళ్ళి, ఎవరిది నిజమో తేల్చుకోవాలని, డిప్లొమాకి ముందు ఇంటర్‌లో చదివిన ప్రస్తారాలు, సంయోగాలు గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. మూడు ముక్కల్లో సీక్వెన్సు ఏడువందల ఇరవై రకాలుగా వస్తుంది, కలరు వెయ్యీ తొంభై ఆరు రకాలుగా; అరుదైనది సీక్వెన్సే, కాబట్టి మా ఊళ్ళ పద్ధతి సరైనదే. అయిదు ముక్కలకి వచ్చేసరికి సీక్వెన్సు పదివేల రెండు వందలు, కలరు అయిదువేల నూట ఎనిమిది. మొత్తం తిరగబడింది. మావయ్య తెలుగు చేసేటప్పుడు, తనకి తెలిసిన ఆటని బట్టి ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చేశాడు. మోసం చేద్దామని కాదు, ఆయన చెవికి అలాగే వినపడి ఉంటుంది. కాగితం మీద మూడుసార్లు సరిచూశాను, మూడుసార్లూ నేనే ఓడిపోయాను. ఆ లెక్క తప్పవ్వాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. గోడకి ఇస్త్రీ చొక్కా తగిలించి ఉంది, అమ్మ అప్పటికే పళ్ళూ పూలూ చెప్పిపెట్టింది.

శనివారం పొద్దున మిల్లు గేటు ముందు టీకొట్టు దగ్గర బాబాయ్‌కి చెప్పాను. లెక్క కాగితం కూడా చూపించబోయాను. ఆయన దాన్ని చూడలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"ముక్కలు పంచేటప్పుడు నీకీ సంగతి తెలుసా?"

తెలియదన్నాను.

"నాకూ తెలీదు. ఇద్దరికీ తెలియని రూలుతో నువ్వెట్టా ఓడిపోతావురా?"

నేను ఇంకేదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆ గొంతులో ప్రేమేమీ లేదు, చిరాకుంది. "చెప్పకుండా పోయినా బాగుండేది. ఇప్పుడు చూడు, నిన్న ఓడిపోయానులే అని నిద్రపోయా. ఇయ్యాల గెలిచి ఊరుకోవాల్సొస్తంది. ఎల్లు."

వెళ్ళాను. మంగళగిరిలో ఆ అమ్మాయి నన్ను అడిగింది ఒకే ప్రశ్న: కరెంటు లేనప్పుడు మిల్లులో ఏం చేస్తారు? రెండురోజులుగా అదే బరువు మోస్తున్నవాణ్ణి, పేకాడతాం అని నిజం చెప్పేశాను. కాబోయే మామగారి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. అమ్మ నా కాలు తొక్కింది. ఆ అమ్మాయి మాత్రం ఫొటోలో ఆపుకున్న నవ్వు అప్పుడు నవ్వింది.

ఆ ఆదివారం కొత్త మిషను మధ్యాహ్నం దాకా కదలలేదట. కదిలేదాకా బాబాయ్ దాని పక్కనే ఉన్నాడు. కొత్తపట్నం దగ్గర బిడ్డని అవతలి తాత ఎత్తుకున్నాడని మావయ్య ద్వారా తెలిసింది. బాబాయ్ నాతో పదిరోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు, నేను కదిలించలేదు. మా పెళ్ళికి మాత్రం కుటుంబంతో వచ్చాడు; మనవణ్ణి తెచ్చి మా ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి, "వీడి ఆదివారం నీకిచ్చానమ్మాయ్, జాగ్రత్త" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడకి ఆ మాట అర్థం నేను తర్వాత చెప్పాను.

మిల్లుకి ఆ తర్వాత జనరేటరు వచ్చింది. మధ్యాహ్నాల నిశ్శబ్దం పోయింది, దానితో ఆటా పోయింది. బాబాయ్ ఇప్పుడు లేడు. నేను వేరే కంపెనీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను, నా కింద పదకొండు మంది. ఎవరికి సెలవు కావాలన్నా ఫోనులో నొక్కుతారు, నేను నా ఫోనులో నొక్కుతాను. ఒకరి ఆదివారం కోసం ఇంకొకరు ఏం వదులుకున్నారో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఇది తప్పని అనను. ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు, గ్లాసులు బోర్లించక్కర్లేదు. కానీ ఎవరింట్లో బిడ్డ పుట్టాడో, ఎవరు ఏ ఊరికి పెళ్ళిచూపులకి వెళ్తున్నారో తెలుసుకునే దారి కూడా దానితోనే మూసుకుపోయింది. సెలవు అడిగేటప్పుడు కారణం రాయడానికి ఆ ఫోనులో ఒక గడి ఉంది, ఖాళీగా వదిలితే ముందుకి వెళ్ళనివ్వదు. అందుకని అందరూ అందులో ఒక చుక్క పెడతారు.

పోయిన నెల పంతొమ్మిది సెలవులు మంజూరు చేశాను. కారణాలు, పంతొమ్మిది చుక్కలు.