సీటు గురించి అన్నకు చెప్పలేక

అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే మొదటిసారి తెలిసింది, సీటు తగిలే కాడ నాకు స్పర్శ లేదని. సైకిల్ దిగి నడిస్తే తిమ్మిరి పోయింది. అలసట అనుకున్న. సాయంత్రానికి మూత్రంల మంట మొదలైంది.

నేను తాండూరుల ఒక స్కూల్ల పీఈటీ టీచర్‌ని. ఎండ్యూరో సైకిల్ రేసులకు పోత. అండ్ల గుట్ట ఎక్కేటప్పుడు టైం లెక్కపెట్టరు, రాళ్లల్ల దిగేటప్పుడే లెక్క. నా సైకిల్ సెట్ చేసేది మా అన్న. కరణ్‌కోట దిక్కు ఫిట్టర్ పని చేస్తడు. రేసు దగ్గరపడ్డదని, రాళ్లల్ల దిగేటప్పుడు కుదుపు తగ్గాలెనని వెనక సస్పెన్షన్‌ల గాలి తగ్గించి మెత్తగ చేసిండు. సీటు మట్టంగ పెట్టిండు. కానీ గుట్ట ఎక్కేటప్పుడు నా బరువుకు వెనక భాగం దిగి సీటు ముక్కు పైకి లేస్తుండె. ఖాళీ సైకిల్ మీద చూసే అన్నకు అది కనపడది. నాకు తెలుసు. ఎట్ల చెప్పాలె? తోడబుట్టినా మొగోడే గదా.

"సీటు ఎట్లుంది చెల్లె?" అని రోజూ అడిగేటోడు. మంచిగుందని అనేదాన్ని.

కొన్ని రోజులకు సీటు తగిలే కాడ గడ్డ లేచింది. స్టాఫ్‌రూంల కూసోలేక కిటికీ కాడ నిలబడేదాన్ని. మెడికల్ షాపుకు పోతే మొగాయన ఉన్నడని తలనొప్పి గోలీలు కొనుక్కొచ్చిన. జ్వరం వచ్చినంక వదిన వికారాబాద్‌ల లేడీ డాక్టర్ కాడికి తీసుకపోయింది. తాండూరుల ఎవరన్న గుర్తుపడ్తరని నేనే అక్కడ వద్దన్న. యూరిన్ టెస్ట్, షుగర్ టెస్ట్, అల్ట్రాసౌండ్ చేసిండ్రు. యాబ్సెస్, అంటే చీముగడ్డ అన్నరు. తిమ్మిరికి నర్వ్ మీద ప్రెషర్ కారణమట. కోసి చీము తీసిండ్రు. డ్రెస్సింగ్ చేస్తున్నంతసేపు చేతులతోని మొఖం కప్పుకున్న.

అన్నకు జ్వరమని చెప్పి రేసుకు పోలే. పుండు మానినంక కింద బట్ట మడిచి పెట్టుకొని మళ్ల తొక్కిన. మళ్ల వాచింది, మళ్ల కోసిండ్రు. డాక్టరమ్మ కోపం చేయలే.

"మందు నేనిస్త. సీటు మాత్రం మీ అన్ననే మార్చాలె. ఆయనకు నువ్వు చెప్పకుంటె ఎట్ల తెలుస్తది?" అన్నది.

వదినను చెప్పమన్న. సరేనన్నది గని ఆమెకూ నోరు రాలే. అన్నేమో, రేసుకు పోక సైకిల్ పక్కకు పెట్టిన గదా, నేను గుట్ట దిగనీకి భయపడ్తున్న అనుకొని, వెనక ఇంకింత మెత్తగ చేయబట్టిండు. ఇగ చెప్పక తప్పలే.

"అన్నా, నాకు భయం కాదు. ఆ సీటుతోని కింద పుండైంది. రెండుసార్లు కోసిండ్రు." నేల చూసుకుంటనే చెప్పిన.

అన్న పానా కింద పెట్టిండు. నా దిక్కు చూడలే. "రోజూ అడిగితి గదా చెల్లె," అన్నడు. ఆ మాటల కోపం లేదు. అందుకే తల ఎత్తలేకపోయిన.

పూర్తిగ మానినంక నన్ను సైకిల్ మీద కూసోవెట్టి, హ్యాండిల్ వదినను పట్టుకోమని, వెనక ఎంత దిగుతుందో చూసిండు. గాలి పెంచిండు. సీటు ముక్కు కొద్దిగ కిందికి వంచిండు. తర్వాత వెడల్పు సీటు తెచ్చి వేసిండు.

ఇప్పుడు గుట్ట ఎక్కుతున్న, తిమ్మిరి లేదు. సిగ్గు మాత్రం పూర్తిగ పోలే. ఇది రాస్తుంటె కూడ కొట్టేసి కొట్టేసి రాసిన.

సైకిల్ తొక్కే అక్కచెల్లెండ్లకు ఒక్కటే చెప్త. సైకిల్‌ను ఖాళీగ నిలబెట్టి సీటు సరిచూడకుండ్రి, మీరు కూసున్నంక చూపియ్యుండ్రి. తిమ్మిరి అనిపించిన రోజే దిగి, ఎక్కడో ఆ చోటు పేరు పెట్టి చెప్పుండ్రి. ఆ ఒక్క మాట నా నోట్లకెళ్లి రానీకి రెండు కోతలు పట్టినయి.