సముద్రంలో కర్బూజ తోట

ఆ రోజుల్లో మా బీదరు మైసూరు రాష్ట్రంలో ఉండేది. గోడమీది పటంలో రాష్ట్రానికి పడమరన నీలిరంగు సముద్రం ఉండేది. మా వంతుకు వచ్చింది మాత్రం ఒక చెరువు, అదీ ఉగాది దాకానే. బీదరు దగ్గరి పల్లెలో, కన్నడ బడిలో నేను కొత్త టీచరమ్మను. ఉద్యోగం ఖాయం కావాలంటే తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు తల ఊపాలి.

ఆ ఏడు నా నెత్తిన పడ్డ పాఠం, తీరంలోని ఒక చిన్న మునిసిపాలిటీ: దాని నేల, జనం, బతుకుతెరువు. సముద్రం మొహం నేనెరుగను, నన్ను కన్నవాళ్లూ ఎరుగరు. పుస్తకంలో ఉన్నది పావు పేజీ: తూర్పున కొండలు, పడమర నీళ్లు, మధ్యన కొబ్బరి, చేపలు, ఇంటి పెంకులు. మిగతాది నేనే దయతలచి నింపాను. వానాకాలం చేపలు పడతారన్నాను. మరి ఎండాకాలం? మా వైపు చెరువు ఎండితే అడుగున కర్బూజ తీగలు పెడతారు కదా, అక్కడా అంతేనన్నాను. (ఎంత పెద్ద సముద్రమో అంత పెద్ద తోట అని కూడా అన్నాను. నిక్షేపంగా గుర్తుంది.)

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నవ్వని మనిషి. సరిగ్గా ఆ పాఠమే తెరిచి, "ఇది మా ఊరే," అన్నాడు కన్నడంలో. "ఎండాకాలం మావాళ్లు ఏం చేస్తారు?" అని ముందు వరుసలోని చురుకైన పిల్లను అడిగాడు. భయానికి అది కన్నడం మరిచి ఇంటిమాట తెలుగులోకి దిగింది.

"ఎండలకు సముద్రం ఎండుతది సార్. అండ్ల కర్బూజలు పెడ్తరు."

ఆయనకు తెలుగు రాదు. ఏమంటోందని నన్నడిగాడు. దేవుడు ఇంత మంచివాడా అనుకుని, "చేపలు ఎండబెట్టి అమ్ముతారంటోంది సార్," అన్నాను.

"నేనట్ల చెప్పలే టీచరమ్మా! కర్బూజలని మీరే చెప్పిన్రు గదా!" అని ఆ పిల్ల లేచి, ఆయన వైపు తిరిగి మొత్తం చక్కటి కన్నడంలో అప్పజెప్పింది. ఆ కన్నడం నేర్పింది నేనే మరి.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి ఎండిన చెరువు వైపు చూశాడు. అక్కడ నిజంగానే కర్బూజలు కాసి ఉన్నాయి. కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "సముద్రం ఎండదమ్మా. పైగా మావాళ్లు పడవ దించనిది వానాకాలమే," అన్నాడు. సంతకం పెడుతూ, "టీచరును కాదని లేచే పిల్లను తయారుచేశారు, అది చాలు," అన్నాడు. నాకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

రిటైరయ్యాక గాని సముద్రం చూడలేకపోయాను. అల వెనక్కి పోయినప్పుడల్లా, ఇంకాస్త పోతుందేమోనని చెప్పులు చేతపట్టుకుని చూస్తూ నిలబడ్డాను. పోలేదు. ఆ ఇరవయ్యేళ్ల టీచరమ్మ కోసం ఒక్కసారి పోతే ఏం పోయింది దానికి, అనిపించింది.