గేరాయిల్ తీర్చిన మొక్కు

నేను జీవితంలో రెండుసార్లు గుండు చేయించుకున్నాను. రెండింటికీ కారణం మా నాయనే. రెండోదాన్ని నవ్వుతూ చెప్పలేను. మొదటిది చెబుతాను. అందులో పోయినవి నా జుట్టు, నా పరువు, అమ్మ డబ్బాలో దాచుకున్న సీకాయ పొడి.

డెబ్బైల చివర. చిత్తూరులో మాకొక పాత మిలిటరీ వ్యాను ఉండేది, నాయన వేలంలో కొన్నది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ కూడా ఇంజను బలం అందే బండి. లారీలు దిగబడే బురద దారుల్లో కూడా బెల్లం గానుగల దాకా పోయి వచ్చేది. నాకేమో చెవులు కప్పి కాలరు మీద పడే జుట్టు. నాయన బండిని ఎంత తుడిచేవాడో నేను జుట్టును అంత దువ్వేవాణ్ణి.

నేను డిగ్రీ గట్టెక్కితే తలనీలాలు ఇప్పిస్తానని నాయన కొండకు మొక్కుకున్నాడు. గమనించండి: మొక్కు ఆయనది, జుట్టు నాది. గట్టెక్కాను. ఆ తర్వాత ఇంట్లో తిరుమల మాట వచ్చినప్పుడల్లా నాకు జ్వరం వచ్చేది.

చివరికి, తెల్లారితే కొండకు ప్రయాణం అనగా, నేనే బేరం పెట్టాను.

"బండికి గేరాయిళ్ళన్నీ నేనే మారుస్తా నాయనా. కొండెక్కి దిగేదాకా ఒక్క చుక్క కారకపోతే ఇంక మొక్కు మాట ఎత్తగూడదు."

"కారితే?"

"కారితే గుండే."

"సామి వింటా ఉండాడు," అన్నాడు నాయన.

గేర్‌బాక్సు, దాని వెనకే ఉండి నాలుగు చక్రాలకూ బలం పంచే పెట్టె, ముందు ఇరుసు చక్కగా అయిపోయాయి. ఇంత సులువైన పనికి మెకానిక్కులు అంత గంభీరంగా మొహం ఎందుకు పెడతారో అనుకున్నాను. మిగిలింది వెనక ఇరుసు. దాని నడుమ గుమ్మడికాయంత ఉబ్బు. పళ్ళచక్రాలు అందులోనే, ఆయిలూ అందులోనే. పోయడానికి పైన ఒక బోల్టు, వదలడానికి అడుగున ఒకటి. పైది ముందు విప్పితేనే గాలి లోపలికి పోయి, ఆయిలు ధారగా కిందికి వస్తుంది. అప్పటిదాకా అలాగే చేసినవాణ్ణి, గెలుపు తలకెక్కి ఈసారి మరిచిపోయాను. బండి కింద వెల్లకిలా దూరి అడుగుది విప్పాను.

ఆయిలు రెండు గుటకలు పడి ఆగిపోయింది. రేకు డబ్బా పక్కకు నెట్టి, తల రంధ్రం కిందికి జరిపి, లోపల ఏముందో చూశాను. బండి వెనక నాయన పాదాలు కనిపించాయి.

"ఏమైందిరా?"

"కారడంల్యా నాయనా!"

"పై బోల్టు తీసినావా?"

"అయ్యో, ల్యా!"

"లేయొద్దులే, నేను తీస్తా." స్పానరు తగిలించిన చప్పుడు. "రేయ్, తల యాడ ఉండాది?"

"బొక్క కిందనే. సూస్తా ఉండా."

"సరే," అన్నాడు.

మొత్తం వచ్చింది. చిక్కగా, నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో. బావిలో పడిన పిల్లిలా బయటికి వచ్చాను. అమ్మ గడపలోనే ఆగి, "ఎవురప్పా నువ్వు?" అంది. సీకాయ, శనగపిండి, బట్టల సబ్బు అన్నీ అయ్యాయి. వాసన పోలేదు, ఇంకా కుదురుకుంది.

"కారిందా, లేదా?" అన్నాడు నాయన.

"అది కారడమా? నువ్వు గదా తీసినావు!"

"ఎవురూ తీయగూడదని బేరంలో ల్యాదే."

అమ్మ తీర్పు చెప్పింది: "ఈ కంపు జుట్టుతోనే వీడు కొండమీద మళ్ళా బండెక్కితే, నేను అలిపిరి దాకా నడిచే దిగుతా."

కొండమీద క్షురకుడు నా తల తడిపి, ముక్కు మూసుకున్నాడు. "ఏందప్పా ఈ వాసన?"

నేను నోరు తెరిచేలోపే నాయన అన్నాడు: "మొక్కు పాతది సామీ. నిలవుండి పాచిపోయింది."

బండి మాత్రం ఒక్క చుక్క కారకుండా ఎక్కి, దిగింది.

చాలా ఏళ్ళకు నాయన పోయాడు. ఏటి ఒడ్డున రెండో గుండుకు తల వంచి కూర్చున్నాను. నీళ్ళు నెత్తిన పడగానే ఆ మాట మళ్ళీ వినిపించింది. తల ఎక్కడుందని ఆయన అడిగాడు. నేను చెప్పాను. విని కూడా బోల్టు తీశాడు. ఇన్నేళ్ళూ అదంతా నా మతిమరుపనే అనుకుంటూ వచ్చాను! ఆపుకోలేక నవ్వాను. దుఃఖంతో మతి చలించిందని బంధువులు నన్ను గట్టిగా పట్టుకున్నారు. కావాలనే తీసినావా నాయనా అని అడగడానికి ఆయన లేడు.

అందుకే ఆ ఏటి నీళ్ళు తాకి ప్రమాణం చేశాను: తల యాడ ఉండాదని ఇకమీదట ఎవరు అడిగినా, ముందు బయటికి వచ్చి, ఆ తర్వాతే జవాబు చెబుతాను.